'లేజీ'కి సోమరి అనే మాట సరిపోతుందా?

ప్రశ్న పెట్టినవారు (శనివారం క్లాసు)

అందరికీ నమస్కారం. మా ఆఫీసులో కొందరు జూనియర్లకి శనివారాలు హాస్కెల్ అనే ప్రోగ్రామింగ్ భాష చెబుతున్నాను, వీలైనంతవరకు తెలుగులోనే. ఫంక్షన్ దగ్గర ఇబ్బంది రాలేదు. తెలుగు మీడియంలో చదివినవాళ్లకి 'ప్రమేయం' ఇంకా గుర్తుంది. లైబ్రరీ, ప్యాకేజీ, కంపైలర్ ఎప్పుడో తెలుగైపోయాయి. హాస్కెల్ ప్యాకేజీలన్నీ ఉండే హ్యాకేజ్ సైటుని ఒకతను సరదాకి 'హ్యాకేజ్ గ్రంథాలయం' అన్నాడు, నవ్వుకుని వదిలేశాం. 'కర్రీయింగ్' (ఫంక్షన్‌కి ఇవ్వాల్సినవి ఒక్కొక్కటిగా ఇచ్చే పద్ధతి) దగ్గర కర్రీ పాయింట్ జోకు రానే వచ్చింది. హాస్కెల్ కర్రీ (1900–1982) అనే తర్కశాస్త్రవేత్త పేరులో మొదటి ముక్క భాషకి, చివరి ముక్క ఈ పద్ధతికి పెట్టారని, అందులో కూర ఏమీ లేదని చెప్పి ముందుకెళ్లాను.

'లేజీ ఎవాల్యుయేషన్' దగ్గర మాత్రం బండి ఆగింది. బోర్డు మీద 'సోమరి గణన' అని రాశాను. వెంటనే ఒకమ్మాయి "అయితే హాస్కెల్ స్లోగా నడుస్తుందా మేడమ్?" అంది. ఇంకొకతను "బద్ధకం ప్రోగ్రామ్‌కా, రాసినవాడికా?" అన్నాడు. తప్పు మాట రాశానని అప్పుడు తెలిసింది.

విషయం తెలియనివారి కోసం రెండు ముక్కలు. జావా, పైథాన్ లాంటి భాషల్లో ఒక ఫంక్షన్‌కి 'ధర ఇంటూ పరిమాణం' ఇస్తే ముందు గుణించి, వచ్చిన అంకెని లోపలికి పంపుతాయి. హాస్కెల్ గుణించదు. 'వీటిని గుణించాలి' అని రాసి పెట్టుకుంటుంది. ఆ విలువ ఎవరికైనా నిజంగా అవసరమైనప్పుడే గుణిస్తుంది. ఎవరికీ అవసరం పడకపోతే గుణకారమే జరగదు. అందుకే 1 నుంచి మొదలై అంతు లేకుండా సాగే జాబితా రాసి, దాని మీద 'టేక్ 5' అంటే అయిదు అంకెలిచ్చి ఊరుకుంటుంది. దీనికి మంచి తెలుగు మాట చెప్పండి. సోమరి, బద్ధకం మాత్రం వద్దు.

గుంటూరు మాస్టారు

అమ్మా, సోమరితనం మనిషి గుణం. మీరు చెబుతున్నది పని చేసే తీరు. గుణాన్ని తెచ్చి తీరుకి అంటిస్తే పిల్లలకి తిట్టులాగే వినిపిస్తుంది. 'వాయిదా గణన' అని చూడండి. వాయిదా మూలంలో అరబ్బీ మాట, హిందుస్తానీ మీదుగా మనకొచ్చింది. అక్కడ 'వాదా', 'వాయ్‌దా' అంటే మాట ఇవ్వడం. మన దగ్గరికి వచ్చేసరికి గడువు, కిస్తీ, కోర్టు తేదీ అయిపోయింది. 'చేస్తానని మాట ఇచ్చి, ఇంకా చేయని పని' అనే అర్థం అడుగున ఉండనే ఉంది.

డాలస్ నుంచి

మాస్టారూ, మీకు తెలియకుండానే గురి చూసి కొట్టారు. స్కీమ్ అనే ఇంకో ప్రోగ్రామింగ్ భాషలో సరిగ్గా ఈ వస్తువు పేరు 'ప్రామిస్'. 'డిలే' అంటే అది పుడుతుంది, 'ఫోర్స్' అంటే విలువ ఇస్తుంది.

అయినా నాకు వాయిదాతో ఒక పేచీ ఉంది. వాయిదా అన్నాక తేదీ ఉంటుంది. కోర్టు వాయిదాకైనా, టీవీ కొన్న వాయిదాకైనా ఒక రోజు రాసి ఇస్తారు. హాస్కెల్‌లో తేదీ ఉండదు, ఆ రోజు అసలు రాకపోవచ్చు కూడా. పైగా 'మళ్లీ వాయిదా' అనగానే ఎవరో తప్పించుకు తిరుగుతున్నారన్న చిరాకు పుడుతుంది. సోమరి మీద ఉన్న నిందే దీని మీదా ఉంది.

ఇంగ్లిష్‌లోనూ ఈ పేరు ఎవరో కూర్చుని ఆలోచించి పెట్టిందేమీ కాదు లెండి. 1976లో హెండర్సన్, మోరిస్ తమ పరిశోధనపత్రం పేరులోనే 'లేజీ' అన్నారు, అది అతుక్కుపోయింది. తర్వాత పదేళ్లలో ఇలాంటి భాషలు పుట్టగొడుగుల్లా వచ్చాయి. అందరికీ కలిపి ఒకటి చేద్దామని 1987లో పోర్ట్‌లాండ్‌లో అనుకున్నారు, 1990లో హాస్కెల్ మొదటి నిర్వచనం వచ్చింది.

అన్నట్టు, లేజీ కంటే ముందు ఇంకో మాటకి తెలుగు కావాలి. లెక్క వేయకుండా రాసి పెట్టుకున్న ముక్కని 'థంక్' అంటారు. 1961లో ఇంగర్‌మన్ అనే ఆయన ఆల్గాల్ 60 అనే పాత భాషకి కంపైలర్ (కోడ్‌ని యంత్రభాషలోకి మార్చే ప్రోగ్రామ్) సందర్భంలో వాడిన మాట. 'థింక్'కి ఆకతాయి భూతకాలం అది. కంపైలర్ దీని గురించి ముందే 'ఆలోచించేసింది' అని వాళ్ల చమత్కారం. దీన్ని తెలుగులోకి ఎలా తెస్తారో చూద్దాం.

కొట్టు వాళ్లబ్బాయి

అక్కా, థంక్ అంటే పద్దు.

మాది కిరాణా కొట్టు. గోడ మీద అన్ని కొట్లలో ఉండే బోర్డే, 'నేడు నగదు – రేపు అరువు'. బోర్డు బోర్డే, అరువు అరువే. నాన్న దగ్గర పొడుగాటి ఖాతా పుస్తకం ఉండేది, మనిషికో పేజీ. బియ్యం అయిదు కేజీలు, నూనె అరకేజీ, సబ్బులు రెండు, ఇలా ఒకదాని కింద ఒకటి రాసుకుంటూ పోయేవాడు. కూడిక మాత్రం వేసేవాడు కాదు. సాయంత్రం బేరాల మధ్య కూర్చుని యాభై పేజీలు కూడే తీరిక ఎవరికుంది? ఆ మనిషి వచ్చి "ఎంతయింది?" అని అడిగిన రోజునే కూడేవాడు. కూడి, కింద మొత్తం రాసి, పైనున్న వరసలన్నీ ఒక్క గీతతో కొట్టేసేవాడు. అరగంటకి వాళ్లావిడ వచ్చి మళ్లీ అడిగితే ఇంకోసారి కూడడు, కింద అంకె చూసి చెప్పేస్తాడు. హాస్కెల్ చేసేదీ అచ్చం ఇదే. ఒకసారి విలువ తేలిందంటే థంక్ ఉన్నచోటే ఆ విలువ వచ్చి కూర్చుంటుంది. రెండోసారి లెక్క ఉండదు.

మా నాన్నని సోమరి అన్నవాణ్ని నేను చూడలేదు.

ఇక మిగతావి వాటంతటవే వస్తాయి. లేజీని 'పద్దు పద్ధతి' అందాం. దానికి ఎదురైన స్ట్రిక్ట్, అంటే వెంటనే లెక్క వేసేయడం, 'నగదు పద్ధతి'. ఫోర్స్ చేయడం అంటే పద్దు తేల్చడం. 'అన్‌డిఫైన్డ్' (తేల్చబోతే ఎర్రర్ ఇచ్చే విలువ) అంటే మొండిబాకీ. క్లాసులో ఇది చేసి చూపించండి మేడమ్. రెండు అన్‌డిఫైన్డ్‌లు పెట్టి ఒక లిస్ట్ చేసి, దాని పొడవు అడగండి. నిక్షేపంగా 2 అంటుంది. పేజీలో ఎన్ని పద్దులున్నాయో చెప్పడానికి అవి వసూలయ్యేవో కాదో తెలియక్కర్లేదు కదా. అందులో మొదటిదాన్ని చూపించమనండి, అప్పుడు కుప్పకూలుతుంది.

హాస్కెల్ కోడ్‌ని అక్కడికక్కడే నడిపి చూసే జీహెచ్‌సీఐలో 'స్ప్రింట్' అనే ఆదేశం ఉంది, ముందు కోలన్ పెట్టాలి. పద్దుల పుస్తకాన్ని తేల్చకుండా తెరిచి చూపించే సాధనం అది. 1 నుంచి 10 దాకా ఉన్న లిస్ట్‌లో (ఇంట్, అంటే పూర్ణాంకాల రకమని రాసి పెట్టాలి) ప్రతిదానికీ ఒకటి కలపమని రాసి, దానికి పేరు పెట్టి స్ప్రింట్ కొడితే ఒక్క ఖాళీ గీత కనిపిస్తుంది: _ అంతే. పేజీ ఇంకా తెరవనే లేదు. పొడవు అడిగి మళ్లీ స్ప్రింట్ కొడితే [_,_,_,_,_,_,_,_,_,_] అని వస్తుంది. పది పద్దులున్నాయని తెలిసింది, ఒక్కటీ తేలలేదు. నాకు లేజీ అంటే ఏమిటో అర్థమైంది ఏ వ్యాసం చదివీ కాదు, ఆ పది గీతలు చూశాక.

గుంటూరు మాస్టారు

బాగుంది నాయనా. ఒక్క సందేహం. పద్దు అనగానే పేపర్ చదివేవాళ్లకి శాసనసభలో పద్దుల మీద చర్చ గుర్తొస్తుంది. అక్కడ పద్దు అంటే ఇంకా ఖర్చు కాని డబ్బు. కొట్టులో పద్దు ఇచ్చేసిన సరుకు. ఇంతకీ ఎవరు ఎవరికి బాకీ?

కొట్టు వాళ్లబ్బాయి

మాస్టారూ, బాకీ సంగతి పక్కన పెట్టండి. ఆగి ఉన్నది డబ్బు కాదు, కూడిక. వివరాలన్నీ పేజీలో ఉన్నాయి, మొత్తం మాత్రం వేయలేదు. థంక్ అంటే ఆ పేజీ. ఎవరు ఎవరికి ఇవ్వాలన్నది హాస్కెల్‌కి అక్కర్లేదు.

ప్రశ్న పెట్టినవారు

తమ్ముడూ, నువ్వు చెప్పిన పేజీ నా పాత దెబ్బని గుర్తు చేసింది. ఇదే భాషలో తెలుగు పాఠ్యంలో ఏ మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టే చిన్న ప్రోగ్రామ్ రాశాను. ఫైలు పెద్దది. నడుస్తూ నడుస్తూ మెమరీ అంతా తినేసింది, ల్యాప్‌టాప్ ఫ్యాన్ హోరు పక్క గదిలోకి వినిపించింది. ఒకరోజంతా టెన్షన్. చివరికి చూస్తే నేను 'కంటైనర్స్' లైబ్రరీలో మ్యాప్ (ఒక్కో మాట పక్కన దాని లెక్క పెట్టుకునే పట్టిక) లేజీ రకాన్ని తెచ్చుకున్నాను. 'అని' అనే మాట కనిపించినప్పుడల్లా పాత లెక్కకి ఒకటి కలపకుండా, 'ఒకటి కలపాలి' అని ఇంకో వరస రాసుకుంటూ పోయింది. 'అని' తెలుగులో ఎన్నిసార్లు వస్తుందో మీకు చెప్పక్కర్లేదు. ఇంపోర్ట్ వరసలో లేజీ తీసి స్ట్రిక్ట్ అని రాశాను, అంతే. ఒక్క మాట మారింది, ఫ్యాన్ చల్లబడింది.

దీన్ని ఇంగ్లిష్‌లో 'స్పేస్ లీక్' అంటారు. నాకు ఆ మాట ఎప్పుడూ అతకలేదు. ఏదీ కారిపోలేదు కదా. పద్దులు పేరుకుపోయాయి. అదే సరైన మాట.

డాలస్ నుంచి

ఇక్కడ నేను కొంచెం అడ్డు పడాలి. పద్దు పద్ధతి పాఠానికి అద్భుతం, లైబ్రరీ డాక్యుమెంటేషన్‌కి కష్టం. టెక్స్ట్ (పాఠ్యానికి), బైట్‌స్ట్రింగ్ (ముడి బైట్లకి), కంటైనర్స్, ఈ మూడు లైబ్రరీల్లోనూ లేజీ, స్ట్రిక్ట్ అని జంటలున్నాయి. కానీ లేజీ టెక్స్ట్ అంటే ప్రతి అక్షరం ఒక పద్దు అని కాదు. అది పెద్ద పెద్ద ముక్కలుగా ఉంటుంది, ఒక్కో ముక్క లోపల నగదే. తర్వాతి ముక్క ఉందా లేదా అన్నది మాత్రమే పద్దు. మ్యాప్ సంగతి వేరు. అక్కడ కీలు (మీ ప్రోగ్రామ్‌లో మాటలు) ఎప్పుడూ నగదే, విలువలే (వాటి లెక్కలు) పద్దులు. ఒకే మాట వేర్వేరు చోట్ల వేర్వేరు అర్థాలు మోయాలి.

తేల్చడంలోనూ తేడా ఉంది. 'సీక్' అనే ఫంక్షన్ పైపైన తేలుస్తుంది, అంటే పేజీ ఉందా లేదా అని చూసి వదిలేస్తుంది. అణాపైసలతో సహా అన్నీ తేలాలంటే 'డీప్‌సీక్' లైబ్రరీ కావాలి. ఒక మాటతో రెండూ చెప్పలేం.

కొట్టు వాళ్లబ్బాయి

ముక్కలవారీ లేజీకి మా దగ్గర మాట ఉంది అక్కా. పుస్తకం నిండితే ఇంకోటి మొదలెడతాం, పాతదాని చివర 'మిగతా కొత్త పుస్తకంలో' అని రాస్తాం. సీక్, డీప్‌సీక్ గురించి మీరన్నది ఒప్పుకుంటాను. పైపైన తేల్చడం, పూర్తిగా తేల్చడం అని విడదీసి చెప్పాల్సిందే. ఇంగ్లిష్‌లో మాత్రం ఒక్క మాటతో అయిందా?

ఒకటి మర్చిపోయాను. ఫైలు తెరిచి, లేజీగా చదవమని చెప్పి, ఫైలు మూసేశాక దాంట్లో ఏముందో చూడబోతే 'మూసిన హ్యాండిల్ మీద ఆలస్యంగా చదువుతున్నావు' అనే అర్థంలో ఎర్రర్ వస్తుంది. పద్దు చేతిలోనే ఉంది, వెళ్లేసరికి కొట్టు మూసేశారు. స్ట్రిక్ట్ టెక్స్ట్‌తో ఫైలు చదివితే ఈ గోల ఉండదు, మొత్తం సరుకు అప్పుడే ఇంటికొచ్చేస్తుంది.

కొత్తగా చేరినవారు

మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. మాటలు లెక్కపెట్టే ప్రోగ్రామ్ అన్నారు కాబట్టి అడుగుతున్నాను. నేను 'తెలుగు' అనే మాట పొడవు అడిగితే 6 అంది. తిరగేయమంటే మొదట్లో ఒంటి కొమ్ము, ఆ వెనక 'గులెత' వచ్చింది. స్క్రీన్ మీద చూపించమంటే \3108\3142\3122\3137\3095\3137 అని అంకెలు పోసింది. ఇదీ లేజీ వల్లేనా?

ప్రశ్న పెట్టినవారు

కాదండీ, పాపం ఇందులో లేజీ తప్పేం లేదు. హల్లు ఒకటి, గుణింతం గుర్తు ఒకటి, విడివిడిగా లెక్కపెడుతుంది, అందుకే ఆరు. తిరగేస్తే గుర్తులు పక్క అక్షరాన్ని పట్టుకుంటాయి. అంకెలు 'షో' (విలువని కోడ్‌లో రాసే రూపంలోకి మార్చే ఫంక్షన్) వల్ల వచ్చాయి, 'పుట్‌స్ట్ర్‌ఎల్‌ఎన్' వాడితే తెలుగే కనిపిస్తుంది. అక్షరాలవారీగా విడగొట్టాలంటే 'టెక్స్ట్ ఐసీయూ' లైబ్రరీ చూడండి. 'స్త్రీ' లాంటి సంయుక్తాక్షరం ఒకటా, మూడు ముక్కలా అన్నది పెద్ద కథ. అన్ని లిపుల అక్షరాలకీ అంకెలిచ్చే ప్రమాణం యూనికోడ్‌లో 15.1 (2023) వచ్చాకే తెలుగు ఒత్తులని కలిపి ఉంచే నియమం చేరింది. దానికి వేరే చర్చ పెట్టండి, అందరం వస్తాం.

గుంటూరు మాస్టారు

మొన్న మా మనవడు హూగుల్ అనే, హాస్కెల్ ఫంక్షన్లు వెతికే సైటు చూపించాడు. ఏ పేరూ తెలియకపోయినా, ఏం ఇస్తే ఏం రావాలో రాస్తే సరిపోయే ఫంక్షన్లన్నీ వరసగా చూపిస్తోంది. యాభై ఏళ్లుగా నాకు తెలుగులో కావలసిన నిఘంటువు అదే. అర్థం రాస్తే మాట ఇవ్వాలి. అది ఉంటే ఈ చర్చ మొదటి రోజే అయిపోయేది.

నా ఓటు 'పద్దు'కే. 'పద్దు పద్ధతి' మాత్రం నాలుక తిరగడం లేదు, 'పద్దు లెక్క', 'నగదు లెక్క' అనండి.

డాలస్ నుంచి

నేను ఆఫీసులో 'లేజీ' అనే అంటాను, అబద్ధం ఎందుకు. థంక్‌ని పద్దు అనడానికి మాత్రం రెడీ. ఇంకో సంగతి, కొట్టు బోర్డు మీది 'నేడు నగదు' మాట నిజమవుతోంది. ఎడమ వైపు నుంచి కూడుకొచ్చే 'ఫోల్డ్‌ఎల్' వాడి కోటి అంకెలు కూడితే పద్దులు పేరుకుపోతాయని చెబుతుంటాం కదా. ఆప్టిమైజేషన్ ఆన్ చేస్తే చాలాసార్లు కంపైలరే పసిగట్టి నగదు చేసేస్తుంది. అయినా దాన్ని నమ్ముకోవద్దని, ఎప్పటికప్పుడు కూడేసే 'ఫోల్డ్‌ఎల్ ప్రైమ్'ని 2024లో హాస్కెల్ కంపైలర్ జీహెచ్‌సీ 9.10తో నేరుగా ప్రెల్యూడ్‌లో, అంటే ప్రతి ప్రోగ్రామ్‌కీ ముందే అందే లైబ్రరీలో పెట్టేశారు. ఇప్పుడు దానికి ఇంపోర్ట్ కూడా అక్కర్లేదు.

ప్రశ్న పెట్టినవారు

నిన్న క్లాసు అయింది. బోర్డు మీద ఖాతా పుస్తకం పేజీ గీసి, నూనె, సబ్బులు రాసి, మొత్తం దగ్గర ఖాళీ వదిలాను. 'స్లోగా నడుస్తుందా' అని అడిగిన అమ్మాయి ఈ ఉదయం రివ్యూకి కోడ్ పంపింది. ఒక రికార్డులో మొత్తం ఉండే ఫీల్డ్ రకం ముందు ఆశ్చర్యార్థకం గుర్తు (అది పెడితే ఆ ఫీల్డ్ స్ట్రిక్ట్ అవుతుంది) పెట్టి, పక్కన తెలుగులో కామెంట్ రాసింది: 'ఇక్కడ అరువు లేదు.'