ఇంట్లో చేసిన అద్దం గేజ్‌ను నమ్మి మౌత్‌పీస్ రుద్దొచ్చా?

హన్మకొండ ఆల్టో:
మన పెండ్లి బ్యాండ్లల్ల ఆల్టో సాక్సాఫోన్ మౌత్‌పీసులు (నోట్ల పెట్టి ఊదే ముక్కలు) ఏండ్ల తరబడి వాడినవే ఎక్కువ. రీడ్ అనే సన్న బద్ద ఆనే రెండు పక్క అంచులు, అంటే రైల్స్, సమంగ లేకుంటే రీడ్ సరిగ్గ మూసుకోదు, కింది స్వరాలు పలకవు. ఒకటి సరిచేద్దామని 5 మి.మీ. అద్దం ముక్క కోయించిన, ఆటో స్పేర్ షాపుల టాపెట్ గేజ్ (సందులు కొలిచే సన్న రేకుల కట్ట) తెచ్చి పిన్ను ఇప్పి రేకులు వేరుచేసిన, పారదర్శక షీటు మీద స్కేలు ప్రింటు తీసి అద్దం కింద అంటించిన. గీ కొలతలను నమ్మి వాటర్ పేపర్ పట్టొచ్చా?

కాజీపేట లేత్ పని:
వద్దు అన్నా. రుద్దిన ఎబొనైట్ (మౌత్‌పీస్ చేసే గట్టి రబ్బరు) మళ్ల రాదు. స్కేలు అద్దానికి అవతలి పక్కన ఉన్నది కదా, తల కొద్దిగ వంగినా అర మిల్లీమీటరు తేడా చూపిస్తది. ప్రింటరు పేజీకి సరిపడ కుదించిందో లేదో కూడ ఉక్కు స్కేలు పెట్టి చూడాలె.

కరీంనగర్ చర్చి సాక్స్:
నేను ఒప్పుకోను. ముందు చూడాల్సింది కుడి రైలు, ఎడమ రైలు ఒక్క తీరు ఉన్నయా అని. దానికి స్కేలే అక్కర్లేదు. టేబుల్‌ను (రీడ్ కట్టే చదును భాగం) అద్దానికి ఆనించి టిప్ (నోటి వైపు కొస) పైకి పట్టుకో, 0.05 మి.మీ. రేకును అడ్డంగ పెట్టి వదులు. నెట్టొద్దు, తన బరువుతోనే దిగాలె. ఒక పక్కకు వాలితే ఆ పక్క రైలు తక్కువున్నట్టే. తర్వాత మందం పెంచుకుంటూ ఒక్కొక్కటి చూడు. ఇండ్ల చేసిన గేజ్‌కూ కొన్న గేజ్‌కూ గీ పరీక్షల తేడా ఏముంటది?

కాజీపేట లేత్ పని:
వాలుడు వరకు నీ మాట నిజమే తమ్మీ. కాని వంపు పొడవు, అంటే టిప్ కాడికెల్లి రేకు ఆగిన చోటిదాక దూరం, వేరే వాళ్ల లెక్కతో పోల్చేటప్పుడే చిక్కు. ఎరిక్ బ్రాండ్ అనేటాయన పద్ధతిల అంకెలు అర మిల్లీమీటర్లు. 40 అంటే 20 మి.మీ. అది తెల్వక 40 మి.మీ. అనుకుంటే మౌత్‌పీస్ పోయినట్టే. అద్దం కూడ కొత్త ఫ్లోట్ గ్లాసే (చదునుగ ఉండే అద్దం) కావాలె, పాత కిటికీ అద్దం నేను నమ్మను. రేకుల మందం మైక్రోమీటర్‌తోని కొలిపించు, లేత్ షాపులల్ల ఉంటది.

హన్మకొండ ఆల్టో:
టిప్‌కూ అద్దానికీ మధ్య సందు కొలిచేందుకు 1.00, 0.60 రేకులు తుడిచి ఒకదాని మీద ఒకటి పెడుతున్న. యమహా 4సీ అనే ఆల్టో మౌత్‌పీస్‌కు ఆ సందు కంపెనీ చెప్పే లెక్క 1.60 మి.మీ. కొత్త 4సీ మీద రేకులు సరిపోతే నా గేజ్ సరైనదే కదా?

కాజీపేట లేత్ పని:
ఒక్క మౌత్‌పీస్‌తోని తేల్చొద్దు. తయారీలోనే కొంచెం తేడా ఉండొచ్చు. ఇంకో రెండు మూడు చూసి చెప్పు.

కరీంనగర్ చర్చి సాక్స్:
గదైతే సరే. స్కేలును మౌత్‌పీస్ ఆనే పక్కకే మార్చు, షీటు మాత్రం రైల్స్ కిందికి రావొద్దు, దాని మందం కూడ కొలతల కలుస్తది. గీతలు పక్క అంచున ఉంటే చాలు, రేకు పొడుగే కాబట్టి అక్కడిదాక వస్తది. రుద్దేటప్పుడు పేపర్ తడిగ ఉంచు, ఎబొనైట్ దుమ్ము పీల్చుడు మంచిది కాదు. మౌత్‌పీస్‌ను పేపర్ మీద రెండు మూడు సార్లు ఆడించి మళ్ల కొలువు.