తమ్ముడు ఏకమొత్తం తీసుకోవాలా, నెలనెలా వచ్చేదానికి ఆగాలా?

మా తమ్ముడు సైన్యంలో హవల్దారు. 2021లో సరిహద్దు విధుల్లో జారిపడి మోకాలు దెబ్బతింది. మెడికల్ బోర్డు 40 శాతం వైకల్యమని, అది విధుల వల్లే కలిగిందని రాసింది. తేలికపాటి పనులిచ్చి సర్వీసులోనే ఉంచారు. పదవీ విరమణకు ఇంకా నాలుగేళ్లుంది.

ఇప్పుడు ఐచ్ఛికం అడుగుతున్నారు: పరిహారం ఒకేసారి తీసుకోవాలి, లేదా దాన్ని వదులుకొని రిటైరయ్యాక పెన్షన్‌తో పాటు వైకల్య భాగం (గాయానికి అదనంగా ఇచ్చే మొత్తం) నెలనెలా పొందాలి. ఏకమొత్తం తీసుకుంటే ఆ గాయానికి ఇక నెలవారీ హక్కు ఉండదట. వాడి మనసు మాత్రం డబ్బు మీదే ఉంది. ఊళ్లో ఇల్లు స్లాబు దగ్గర ఆగిపోయింది మరి! నాకేమో జీవితాంతం కరవు భత్యంతో వచ్చేదాన్ని వదులుకోవడం తెలివితక్కువగా అనిపిస్తోంది.

నెలవారీది ఎంచుకుంటే 40 శాతాన్ని 50గా లెక్కిస్తారా? సైనికుల వైకల్య పెన్షన్‌పై 2023 సెప్టెంబరులో కొత్త నిబంధనలు వచ్చాక ఇందులో ఏమైనా మారిందా? తర్వాత మోకాలు ఇంకా పాడైతే శాతం పెంచమని అడిగే వీలుంటుందా? ముఖ్యంగా, ఏకమొత్తం తీసుకున్న మాజీ సైనికులెవరైనా ఉంటే, తర్వాత బాధపడ్డారో లేదో దాపరికం లేకుండా చెప్పండి. వచ్చే వారం సంతకం పెట్టాలి.