బంకులో ఒకసారి కట్టాక "రాలేదండి" అంటే మళ్లీ కట్టాలా?

మద్దిలపాలెం మలుపు:
బండికి 500 పెట్రోలు కొట్టించి క్యూఆర్ స్కాన్ చేస్తారు. ఖాతాలో డబ్బు తగ్గినట్టు మెసేజ్ వస్తుంది, స్పీకరు డబ్బా మాత్రం పలకదు. బంకు కుర్రాడేమో "రాలేదండి, ఇంకోసారి కొట్టండి" అంటాడు. వెనకాల హారన్ల మోత. మళ్లీ కట్టకూడదని కొందరు, అప్పటికి కట్టేసి తర్వాత రాబట్టుకోవాలని కొందరు. ఏది సరైనది? కార్డు గీసినప్పుడు జరిగే పొరపాట్ల సంగతి కూడా తెలిసినవాళ్లు చెప్పండి.

గాజువాక గుమాస్తా:
మళ్లీ కట్టాల్సిన పనే లేదు. 2019 సెప్టెంబరు 20న రిజర్వు బ్యాంకు ఇచ్చిన సర్క్యులర్ ఉంది. యూపీఐలో ఖాతాలోంచి డబ్బు పోయి, దుకాణం దగ్గర ధ్రువీకరణ అందకపోతే, లావాదేవీ రోజు కాకుండా 5 రోజుల్లోగా డబ్బు దానంతటదే వెనక్కి రావాలి. ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల పరిహారం, అదీ మనం అడక్కుండానే. ఫోన్‌లో మెసేజ్ చూపించి బండి తీసుకుని పోవడమే.

షిఫ్ట్ లెక్క:
పోవడం తేలికే. ఆ తర్వాత బంకులో ఏమవుతుందో కూడా చూడాలి కదా మాస్టారూ. షిఫ్ట్ మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి ప్రతి నాజిల్ మీటర్ రీడింగ్ రాస్తారు. తేడాను ధరతో హెచ్చవేస్తే ఆ కుర్రాడు అప్పజెప్పాల్సిన మొత్తం తేలుతుంది. నగదు, కార్డు, యూపీఐ కలిపి అంతకు సరిపోవాలి. తగ్గితే చాలా బంకుల్లో అతని జీతంలోనే కోస్తారు. మనం వెళ్లాక ఆ 500 అతని మెడకు చుట్టుకుంటుంది. అందుకే అలా పట్టుబడతాడు, మోసం చేయడానికి కాదు.

ఇదే లెక్క మనకూ పనికొస్తుంది. ఒకే పెట్రోలుకు రెండుసార్లు కడితే, ఆ షిఫ్ట్ లెక్కలో 500 ఎక్కువ తేలాలి. ఆటోమేషన్ ఉన్న బంకుల్లో ఏ నాజిల్ నుంచి ఎన్ని గంటలకు ఎన్ని లీటర్లు పోశారో కంప్యూటర్లో ఉంటుంది. అమ్మకం ఒకటి, జమలు రెండు, మధ్య తేడా రెండు నిమిషాలు. మేనేజరుకు ఇంతకంటే రుజువు అక్కర్లేదు. కాకపోతే నాజిల్ నంబరు, సమయం ఉన్న బిల్లు మన చేతిలో ఉండాలి. అదొక్కటే ఎవరూ అడిగి తీసుకోరు.

బ్యాక్ ఆఫీసు:
గుమాస్తా గారూ, ఆ సర్క్యులర్ నిజమే. కానీ ఈ సందర్భాల్లో సగానికి అది వర్తించదు. ముందు యాప్‌లో ఏమని ఉందో చూడాలి.

"విఫలం" అని ఉండి డబ్బు పోయిందంటే, అది బంకు ఖాతాకు చేరలేదు. మీరు చెప్పిన 5 రోజుల నియమం ఇక్కడ పనిచేస్తుంది. బంకుకు ఇంకా బాకీ ఉన్నట్టే కాబట్టి మళ్లీ కట్టాల్సిందే.

"పెండింగ్" అంటే అవతలి బ్యాంకు సమయానికి జవాబివ్వలేదని. డబ్బు చేరి ఉండొచ్చు, చేరకపోవచ్చు. చాలావరకు మర్నాటికి తేలుతుంది. అసలు చిక్కంతా ఇక్కడే.

"విజయవంతం" అని ఉంటే డబ్బు బంకు ఖాతాకు చేరినట్టే లెక్క. పలకనిది డబ్బా మాత్రమే. దానిలో ఒక సిమ్ ఉంటుంది, బ్యాటరీ ఉంటుంది. సిగ్నల్ లేకపోయినా, ఛార్జింగ్ అయిపోయినా నోరు పడిపోతుంది. పైగా ఆ మాట బ్యాంకు నుంచి రాదు, పేమెంట్ కంపెనీ సర్వర్ నుంచి వస్తుంది. ఇలాంటప్పుడు మళ్లీ కడితే రెండూ సక్రమంగా చేరిన లావాదేవీలే. బ్యాంకు తనంతట తాను ఏదీ వెనక్కి తేదు. ఫిర్యాదు చేస్తే "లావాదేవీ విజయవంతం, వ్యాపారిని సంప్రదించండి" అన్న రెండు ముక్కల జవాబు వచ్చి ఫిర్యాదు మూసేస్తారు. జనం విసిగిపోయేది దీనితోనే.

గాజువాక గుమాస్తా:
అంటే డబ్బా వాళ్లది, సిమ్ వాళ్లది, తిరగాల్సింది మాత్రం మనమా? "విజయవంతం" అని కనబడుతున్నా రెండోసారి అడగడానికి వాళ్లకేం హక్కుంది?

షిఫ్ట్ లెక్క:
అప్పుడు అడగకూడదు, ఒప్పుకుంటాను. కానీ తెరపై చూపించే పచ్చ టిక్కును బంకులో నమ్మరు, దొంగ యాప్‌లతో అలాంటి తెర ఎవరైనా చూపిస్తారు. కుర్రాడి దగ్గర ఖాతా చూసే యాప్ ఉండదు, యజమాని దగ్గరో మేనేజరు దగ్గరో ఉంటుంది. లావాదేవీ వివరాల్లో 12 అంకెల యూపీఐ రిఫరెన్స్ నంబరు ఉంటుంది. బండి పక్కకు పెట్టి, కుర్రాడితో వాదించకుండా మేనేజరు గదికి వెళ్లి ఆ నంబరుతో చూడమనాలి. రెండు నిమిషాల పని. స్టీల్ ప్లాంటు షిఫ్టు మారే వేళ కూర్మన్నపాలెంలో అయితే పది నిమిషాలు అనుకోండి.

పెందుర్తి పాసెంజర్:
మేనేజరు లేడంటే? రాత్రి పదకొండుకి ఎవరుంటారు? అప్పుడు నగదు ఇచ్చేయడమే మేలు.

బ్యాక్ ఆఫీసు:
నగదు మాత్రం వద్దండి. రెండో చెల్లింపుకు ఆనవాలే మిగలదు. తప్పనిసరైతే అదే క్యూఆర్‌కి వేరే బ్యాంకు ఖాతా నుంచి కట్టండి. మొదటి ఖాతా బ్యాంకు మొరాయిస్తుంటే అందులోంచే కొట్టిన రెండోదీ ఇరుక్కుంటుంది. ఒకే వ్యాపారి పేరు మీద రెండు రిఫరెన్స్ నంబర్లు ఉంటే వాదన అక్కడితో ముగుస్తుంది. నగదే ఇవ్వాల్సి వస్తే బిల్లు వెనక "యూపీఐ పెండింగ్, నగదు 500 ముట్టింది" అని రాయించి సంతకం తీసుకోండి.

గాజువాక గుమాస్తా:
సంతకం పెట్టే కుర్రాణ్ని చూపించండి, దండేసి దండం పెడతాను.

స్వైప్ మెషిన్:
కార్డు సంగతి అడిగారు కాబట్టి. తరచూ జరిగే తప్పు ఒక సున్నా ఎక్కువ కొట్టడం. 500 కాస్తా 5,000 అవుతుంది. పిన్ లేకుండా ట్యాప్ చేసే పరిమితి 2021 జనవరి నుంచి సరిగ్గా 5,000. అంటే ఆ తప్పు మొత్తం పిన్ అడక్కుండానే దాటిపోతుంది! మెషిన్ తెర మీ వైపు తిప్పించుకుని అంకె చూశాకే కార్డు ఆనించండి.

తప్పు కనబడగానే అడగాల్సింది "రిఫండ్" కాదు, "వాయిడ్". ఆ మెషిన్‌లో రోజువారీ సెటిల్‌మెంట్ (ఆ రోజు లావాదేవీలు బ్యాంకుకు పంపి లెక్క ముగించడం) కాకముందైతే, అదే మెషిన్‌లో స్లిప్పు మీది ఇన్వాయిస్ నంబరు కొట్టి లావాదేవీని రద్దు చేయవచ్చు. సెటిల్‌మెంట్ అయిపోయాక రిఫండ్ తప్ప దారి లేదు, దానికి రోజులు పడుతుంది. వాయిడ్ స్లిప్పు అడిగి దాచుకోండి.

ఇంకోటి. 500 కొట్టిస్తే స్టేట్‌మెంట్లో 505.90 కనబడిందని గొడవపడేవాళ్లు చాలామంది. అది పొరపాటు కాదు: ఇంధన సర్‌ఛార్జి 1 శాతం 5 రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్టీ 90 పైసలు. మినహాయింపు ఉన్న క్రెడిట్ కార్డుకు 5 రూపాయలు తర్వాత జమ అవుతాయి. ఆ 90 పైసలు సాధారణంగా రావు. వాటి కోసం కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే ఫోన్ ఖర్చే ఎక్కువ.

మద్దిలపాలెం మలుపు:
మేనేజరు, బ్యాంకు ఇద్దరూ చేతులెత్తేస్తే?

బ్యాక్ ఆఫీసు:
ఇద్దరి మీదా ఒకే చోట ఫిర్యాదు కుదరదు. బ్యాంకు తప్పైతే ముందు యాప్‌లో ఆ లావాదేవీ దగ్గరే ఫిర్యాదు పెట్టి, బ్యాంకుకూ రాతపూర్వకంగా ఇవ్వాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి (బ్యాంకుల మీద ఫిర్యాదులు తీర్చే అధికారి) సీఎంఎస్ అనే ఫిర్యాదుల పోర్టల్‌లో వెళ్లొచ్చు, ఖర్చు లేదు. వివరాలకు 14448. కానీ అంబుడ్స్‌మన్ బంకును ఏమీ అనడు. రెండుసార్లు జమయ్యాక బంకు తిరిగివ్వనంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్. 5 లక్షల లోపు చెల్లింపు వివాదాలకు అక్కడ ఫీజు లేదు. బంకులోనే ఫిర్యాదు పుస్తకం, ఆయిల్ కంపెనీ అధికారి నంబరు రాసిన బోర్డు ఉంటాయి. 500 కోసమైతే ముందు ఆ నంబరుకే ఫోన్ చేస్తే త్వరగా తేలుతుంది.

నంబరు మాత్రం గూగుల్లో వెతక్కండి. రిఫండ్ ఇస్తామంటూ పిన్ అడిగేవాళ్లు అక్కడే కాసుకుని ఉంటారు. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు.

గాజువాక గుమాస్తా:
సరే, "విఫలం" అయితే మళ్లీ కట్టాలన్నదాకా దిగొచ్చాను. "విజయవంతం" అని ఉంటే కట్టను. పెండింగ్ అయితే?

షిఫ్ట్ లెక్క:
పెండింగ్ అయితే ఫోన్ నంబరు, బండి నంబరు బంకు పుస్తకంలో రాసి వెళ్లండి. మర్నాడు డబ్బు మీ ఖాతాకి వెనక్కి వస్తే మీరే వచ్చి కట్టాలి. పోసిన పెట్రోలు ఎలాగూ వెనక్కి తీయలేరు కదా.

పెందుర్తి పాసెంజర్:
ఊరు దాటి పోయే లారీవాళ్ల నంబరు ఏ బంకువాడు నమ్ముతాడండీ, ఆనందపురం హైవే మీద?