కువైట్ హౌస్ డ్రైవర్ వీసాకి 1,80,000 అడుగుతాండారు, పోవచ్చా? ఫ్యామిలీతో సెటిల్ కావడం అయితాదా?

మైదుకూరు_డ్రైవర్:

అన్నలకి అక్కలకి నమస్తే. మాది మైదుకూరు పక్కన పల్లె. టెన్త్ పాసయి ఇంటర్ మధ్యలో ఆపేసినా, ఇప్పుడు కడపలో ట్రావెల్స్ కారు తోల్తాండా, అన్నీ పోను నెలకి పదహైదు వేలు నిలబడేది కష్టంగా ఉంది. పెండ్లయింది, మూడేండ్ల పాప ఉంది. మూడెకరాల చేను ఉంది గానీ కేసీ కాలవ ఆఖర్లో మాది, పసుపు పెడితే ఒక ఏడు నీళ్లు రావు, నీళ్లొచ్చిన ఏడు రేటు రాదు.

మా బంధువులకు తెలిసినాయన ఒకాయన కువైట్‌కి హౌస్ డ్రైవర్ వీసా ఉంది 1,80,000 అయితాది అంటాండాడు. ఆజాద్ వీసా అంట, కఫీల్ (వీసా ఇచ్చే యజమాని) పేరుకే, ఆయన దగ్గర పని చేయనక్కరలే, బయట యాడైనా చేసుకోవచ్చు, నెలకి 250 దీనార్లు ఎటూ పోవు అని చెప్తాండాడు. దుడ్లు మొత్తం అప్పు తేవాల, నూటికి రెండు రూపాయల వడ్డీ.

నేను అడిగేది ఏందంటే, ఈ వీసా మీద పోవచ్చా? రెండేండ్ల తర్వాత మా ఇంటామెను పాపను పిలిపించుకొని ఆడనే సెటిల్ కావచ్చా? ఇంకోటి, ఆమెకు కూడా ఇంట్లో పనికి వీసా తీపిస్తా, ఇద్దరూ పోతే రెండేండ్లలో అప్పు తీరి మిద్దె కట్టుకోవచ్చు అంటాండాడు ఆయనే. ఆమెకు 26, ఎనిమిది వరకు చదివింది. పోయినోళ్లు ఉన్నది ఉన్నట్టు చెప్పండి, మంచిగా చెప్పాలని చూడొద్దు.

రాజంపేట_ఫర్వానియా:

తమ్ముడూ, ఆ వీసా మీద మాత్రం రావొద్దు. కువైట్ వద్దనడం లే, నేను ఫర్వానియాలోనే ఉండా, మా ఇద్దరు చెల్లెండ్ల పెండ్లిండ్లు ఈడి సంపాదనతోనే చేసినా. నేను చెప్పేది ఆ ఆజాద్ అనే పద్ధతి గురించి.

ఈడ రెండు రకాల అకామాలు (ఉండడానికి ఇచ్చే పర్మిట్లు) ముఖ్యం. 20 నంబర్ అంటే ఖాదిం, అంటే ఇంట్లో పని, వంటమనిషి, హౌస్ డ్రైవర్, తోటపని అన్నీ దీని కిందే. 18 నంబర్ అంటే షూన్, కంపెనీ పని. నీకు ఇస్తాండేది 20. ఆ వీసా ఎవరి పేరు మీద వచ్చిందో ఆ ఇంట్లోనే పని చేయాల, బయట చేస్తే చట్టం ప్రకారం నేరం, చెకింగ్‌లో పట్టుకుంటే వేలిముద్రలు తీసి ఇంటికి పంపేస్తారు, మళ్లీ కువైట్‌కి రాలేవు. చెకింగ్ ఈడ మామూలే, జలీబ్ లాంటి మనోళ్లు ఎక్కువ ఉండే చోట రోడ్డు ఆపి బతాకాలు (ఈడి గుర్తింపు కార్డులు) చూస్తారు. వీసాలు అకామాలు అమ్మడం కూడా నేరమే, 2024 నవంబర్‌లో వచ్చిన కొత్త రెసిడెన్సీ చట్టంలో దానికి జైలు, వేల దీనార్ల జరిమానా పెట్టినారు. అంటే నీకు ఆయన అమ్మాలని చూస్తాండేదే తప్పు సరుకు.

ఇంకా అసలు బాధ ఏందంటే ఆజాద్‌లో కఫీల్ ఊరికే సంతకం పెట్టడు. ఏడాదికి ఒకసారి అకామా రెన్యువల్‌కి ఆయనకు దుడ్లు కట్టాల, మా రూములో ఒకరు 300 కట్టినారు ఒకరు 400 కట్టినారు, ఆయన నోటికి ఎంతొస్తే అంత. ఇంకా ఎక్కువ కావాలనిపిస్తే లేదా ఆయనకు కోపమొస్తే పారిపోయినాడని కేసు పెట్టేస్తాడు, ఆ కేసు పడిన రోజు నుంచి నువ్వు ఇల్లీగల్, పనికి పోలేవు ఊరికి పోలేవు. 2018లో 2020లో 2024లో ఆమ్నెస్టీ (క్షమాభిక్ష) ఇచ్చినప్పుడు మన జిల్లావాళ్లు ఎంతమంది ఎంబసీ ముందర ఎండలో లైన్లు కట్టినారో చూస్తే తెలిసేది, అందులో శానామంది ఇట్లా వచ్చినోళ్లే. 2024 జులై నుంచి సెప్టెంబర్ దాకా రెండు నెలలు 20 నుంచి 18కి మార్చుకోనిచ్చినారు, అది చూపించి ఏజెంట్లు "వచ్చినాక మార్చుకోవచ్చులే" అంటాండారు, అది ఎప్పుడూ తెరిచి ఉండే తలుపు కాదు.

లెక్క కూడా ఏసుకో. 1,80,000కి రెండు రూపాయలంటే నెలకి 3,600 వడ్డీకే పాయె. వచ్చిన రోజే స్టీరింగ్ పట్టుకోలేవు, మన లైసెన్స్ ఈడ చెల్లదు, మెడికల్ వేలిముద్రలు బతాకా అయ్యి టెస్ట్ పాసై ఈడి లైసెన్స్ రావాల, అందాకా జీతం సగం ఇచ్చే ఇండ్లు ఉన్నాయి. బయట పని అయితే రూము బాడుగ, తిండి, బస్సు, ఫోను నీ జేబు నుంచే. 250 వస్తాదన్నోడు ఇవేవీ చెప్పడు.

కమలాపురం_అక్క:

నేను కువైట్‌లో ఇంట్లో పని చేసి వచ్చినదాన్ని, ఇప్పుడు ఊర్లో ఉండా. మీ ఇంటామె గురించి చెప్తా, మిగతాది ఆ అన్న చెప్పినాడు.

ఎనిమిది చదివింది అంటే ఆమె పాస్‌పోర్ట్ మీద ఈసీఆర్ అని పడతాది, అంటే పనికి పోయే ముందు మన గవర్నమెంట్ క్లియరెన్స్ కావాల. ఈసీఆర్ పాస్‌పోర్ట్ ఉన్న ఆడోళ్లకు 30 ఏండ్లు నిండకుండా గల్ఫ్‌లో పనికి మన గవర్నమెంట్ క్లియరెన్స్ ఇవ్వదు. 2016 నుంచి ఇట్లాంటి పనికి ఆడోళ్లను ప్రైవేటు ఏజెంట్లు పంపకూడదు కూడా, గవర్నమెంట్ సంస్థల ద్వారానే పోవాల, మన రాష్ట్రానికి ఓంక్యాప్ అని ఉంది. మరి ఆయన 26 ఏండ్ల ఆమెను ఎట్ల పంపిస్తాడు? విజిట్ వీసా మీద ముందు దుబాయ్‌కో ఇంకో దేశానికో పంపి ఆడ నుంచి కువైట్‌కి దాటిస్తారు. అట్ల పోతే ఇండియా లెక్కలో ఆమె పనికి పోయినట్టే ఉండదు, రేపు జీతం ఇవ్వకపోయినా కొట్టినా కంప్లైంట్ ఇయ్యడానికి చేతిలో ఒక్క కాగితం ఉండదు. దయచేసి ఆ మాట ఆయన్ని ఇంకోసారి ఎత్తనీయొద్దు.

కువైట్‌లో ఇంటి పనోళ్లకు చట్టం మంచిదే ఉంది, 2015లో చేసినారు, రోజుకి 12 గంటలకు మించకూడదు, వారానికి ఒకరోజు సెలవు, ఏడాదికి నెల జీతంతో సెలవు, మానేసేటప్పుడు ఏడాదికి ఒక నెల జీతం లెక్కన ఇవ్వాల, పాస్‌పోర్ట్ వాళ్ల దగ్గర పెట్టుకోకూడదు. ఇవన్నీ నాకు ఊరికి వచ్చినాకనే ఎవరో చెప్తే తెలిసినాయి. నేనున్న ఇంట్లో పెద్దామె మంచిదే, తిండికి ఎప్పుడూ లోటు చేయలే, అయినా రంజాన్ నెల వస్తే తెల్లారి సహరి (ఉపవాసానికి ముందు తినేది) దాకా వంటింట్లోనే ఉండాల, శుక్రవారం కూడా బయటకి పంపరు, పాస్‌పోర్ట్ వాళ్ల బీరువాలోనే. మంచి ఇల్లే ఇట్లుంటే చెడ్డ ఇల్లు ఎట్లుంటాదో నేను రాయను. ఇంట్లో నుంచి బయటపడి ఎంబసీకి చేరుకుంటే ఆడోళ్లకు షెల్టర్ ఉంది, పోయేవాళ్లు ఎవరైనా ఆ సంగతి తెలుసుకొని పోండి.

ఇంకొక మాట. పాపకు మూడేండ్లు అంటాండావు. మా పాపను జేజి దగ్గర ఇడిసి పోయినా. దుడ్లు పంపినా, బంగారం చేయించినా, వచ్చినాక నా దగ్గరికి రావడానికి ఎంత కాలం పట్టిందో నాకే తెలుసు. ఇద్దరూ ఒకేసారి పోవద్దు తమ్ముడూ, ఒకరు పాప దగ్గర ఉండాల్సిందే.

పొద్దుటూరు_నెట్_సెంటర్:

రోజూ పాస్‌పోర్ట్ ఫారాలు ఇవే నింపుతాంటా కాబట్టి కాగితాల సంగతి చెప్తా.

బ్రదర్, నువ్వు టెన్త్ పాస్ కాబట్టి నీకు ఈసీఆర్ పడదు, క్లియరెన్స్ అడగరు, నేరుగా ఫ్లైట్ ఎక్కేయొచ్చు. అందరూ దీన్ని అదృష్టం అనుకుంటారు గానీ నాకు అట్ల అనిపించదు, ఎందుకంటే ఈసీఆర్ వాళ్లకైతే కాంట్రాక్టు ఈమైగ్రేట్ అనే మన గవర్నమెంట్ వెబ్‌సైట్‌లో ఎక్కాల, జీతం ఎంతో ఎవరి దగ్గర పనో రికార్డు అయితాది, నీ కాంట్రాక్టు మాత్రం నువ్వు తప్ప ఎవరూ చదవరు. అందుకని నువ్వే చూసుకోవాల. ఈమైగ్రేట్ వెబ్‌సైట్‌లో లైసెన్స్ ఉన్న ఏజెంట్ల లిస్ట్ ఉంటాది, ఆయన పేరు, రిజిస్ట్రేషన్ నంబర్ అడిగి కొట్టి చూడు, లైసెన్స్ యాక్టివ్‌లో ఉందా లేదా అదే చూపిస్తాది. నంబర్ చెప్పకుండా "మా అన్నకు హైదరాబాద్‌లో ఆఫీసు ఉంది" అంటే లేనట్టే లెక్క. లైసెన్స్ ఉన్నోడు కూడా 30,000 సర్వీస్ చార్జీ, దాని మీద జీఎస్టీ, మొత్తం 35,400 దాటి తీసుకోకూడదు, దానికి రసీదు ఇవ్వాల. 1,80,000 యాడ, 35,400 యాడ చూడు.

నువ్వు ఈసీఆర్ కాకపోయినా ఈమైగ్రేట్‌లో సొంతంగా పేరు నమోదు చేసుకోవచ్చు, చేసుకో. ఆడ ఏదన్నా జరిగితే మన విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో కంప్లైంట్ పెట్టొచ్చు, ఏపీ ఎన్నార్టీ (బయట దేశాల్లో ఉండే మనోళ్ల కోసం ఉన్న సంస్థ) వాళ్ల హెల్ప్‌లైన్ కూడా 24 గంటలు ఉంటాది. ఈసీఆర్ వాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి, రెండేండ్లకు 275, మూడేండ్లకు 375, పైన టాక్స్, యాక్సిడెంట్‌లో పోతే 10 లక్షలు. ఇంత తక్కువకి వచ్చేదాన్ని కూడా కొంతమంది ఏజెంట్లు వేలల్లో రాసి వసూలు చేస్తాండారు. చదివే మిగతావాళ్లకు కూడా పనికొస్తాదని రాసినా.

మైదుకూరు_డ్రైవర్:

అందరికీ థాంక్స్, నిజంగా. నిన్న ఆయనకు ఫోన్ చేసి రిజిస్ట్రేషన్ నంబర్ అడిగినా, "నమ్మకం లేకపోతే వద్దులే, వెనక ఇద్దరు లైన్లో ఉండారు" అని పెట్టేసినాడు. ఇంటామె సంగతి మా ఇంట్లో చెప్పినా, ఆ మాట ఇంక లే. ఇప్పుడు నా డౌట్ ఏందంటే, ఆజాద్ కాకుండా నిజంగానే ఒక ఇంట్లో డ్రైవర్‌గా, 120 దీనార్లు, తిండి రూము వాళ్లదే, అట్ల దొరికితే పోవచ్చా? ఫ్యామిలీ సంగతి ఎవరూ చెప్పలే.

అనంతపురం_సిస్టర్:

ఫ్యామిలీ సంగతి నేను చెప్తాను, నేను నర్సుగా జర్మనీలో ఉన్నాను. గల్ఫ్‌కి సంపాదించుకొని తిరిగి రావడానికి పోతారు, సెటిల్ కావడానికి కాదు. కువైట్‌లో ఇరవై ఏండ్లున్నా అకామా రెన్యువల్ మీదే బతకాలి, మనలాంటి వాళ్లకు పౌరసత్వం రాదు. 2024లో ఫ్యామిలీ వీసాలు మళ్లీ తెరిచినప్పుడు జీతం 800 దీనార్లు ఉండాలని పెట్టినారు, హౌస్ డ్రైవర్ జీతానికి అది అందని మాట. కాబట్టి పోతే ఒక్కడివే పోతావు, అది ముందే మీ ఇంట్లో కూర్చోని మాట్లాడుకో, రెండేండ్లయినాక తెలిస్తే ఆమె తట్టుకోలేదు.

జర్మనీలో అయితే స్కిల్ ఉన్న పనిలో మూడేండ్లు చేస్తే, భాష వస్తే, పర్మనెంట్ రెసిడెన్స్‌కి అప్లై చేసుకోవచ్చు, ఫ్యామిలీ కూడా రావచ్చు. కానీ నాకు జర్మన్ భాష బి2 అనే స్థాయి వరకు నేర్చుకోవడానికే ఏడాది పైన పట్టింది, పొద్దున డ్యూటీ రాత్రి క్లాసులు, మధ్యలో చాలాసార్లు వదిలేద్దామనిపించింది. లారీ డ్రైవర్లకు ఇక్కడా కొరత ఉంది, అయితే మన లైసెన్స్‌తో కుదరదు, ఇక్కడి లైసెన్స్ మళ్లీ తీసుకోవాలి, భాష కావాలి. "యూరప్ డ్రైవర్ వీసా ఆరు లక్షలు" అని ఎవరైనా వస్తే ఇదే జాగ్రత్త.

రాజంపేట_ఫర్వానియా:

నిజంగా ఇంట్లో పనే అయితే, తిండి రూము వాళ్లే ఇస్తే 120కి పోవచ్చు తమ్ముడూ. దీనార్ ఇప్పుడు 250 రూపాయల పైనే ఉంది, అంటే 30,000, సిగరెట్లు పార్టీలు లేకపోతే అందులో పాతిక వేలు ఇంటికి పంపొచ్చు. అయితే డ్యూటీకి టైం ఉండదు, పిల్లలను స్కూల్లో దించడం కాడ నుంచి రాత్రి పన్నెండుకి దీవానియా (మగోళ్లు కూర్చోని మాట్లాడుకునే చోటు) నుంచి సార్‌ను తీసుకొచ్చే దాకా ఫోన్ చేతిలోనే ఉండాల, కారు కడగడం సామాన్లు మోయడం కూడా నీ పనే అంటారు.

ముందు ఆ ఇంట్లో ఇప్పుడు ఉన్న డ్రైవర్‌తోనో వంటామెతోనో ఒకసారి ఫోన్లో మాట్లాడు, జీతం ఏ తేదీకి ఇస్తారు, ఎన్ని బండ్లు, ఎంతమంది పిల్లలు, ముందు డ్రైవర్ ఎందుకు పోయినాడు, ఇవి అడుగు. మన రాజంపేట రాయచోటి వాళ్లు ఈడ ప్రతి వీధిలో ఉండారు, ఎవరో ఒకరు ఆ ఇంటికి పోయి చూసి చెప్తారు. తొందర లేకపోతే ఇంకో మాట, హెవీ లైసెన్స్ తీసుకొని 18 నంబర్ మీద కంపెనీ డ్రైవర్‌గా రా, అందులో డ్యూటీ టైం ఉంటాది, జీతం బ్యాంకులో పడతాది, ఏమన్నా తేడా వస్తే చూపించడానికి రికార్డు ఉంటాది.

ఏది వచ్చినా దుడ్లు ఇచ్చేలోపల వీసా కాపీ అడుగు, దాంట్లో ఆర్టికల్ నంబర్ (20నా 18నా అని) రాసి ఉంటాది. కాపీ ఈడ అందరికీ కనపడేటట్టు పెట్టొద్దు, పేరు పాస్‌పోర్ట్ నంబర్ ఉంటాయి, నాకు మెసేజ్ పెట్టు, శుక్రవారం నాకు సెలవు, అరబ్బీ చదివే ఫ్రెండ్‌తో చూపించి కఫీల్ పేరు, పని ఏం రాసినారో చెప్తా.