అంతరిక్ష కేంద్రంలో గురుత్వాకర్షణ లేదా? 0.999... నిజంగా 1 అవుతుందా? – నా సందేహాలు తీర్చగలరు

విద్యార్థిని:
అందరికీ నమస్కారం. నేను పదకొండో తరగతి చదువుతున్నాను. సూత్రాలు వచ్చు, లెక్కలు చేయగలను, మార్కులకూ లోటు లేదు. కానీ కొన్ని విషయాలు ఎంత చదివినా మనసుకు ఎక్కడం లేదు.

మొదటిది, అంతరిక్ష కేంద్రంలో వ్యోమగాములు తేలుతూ కనిపిస్తారు. అక్కడ గురుత్వాకర్షణ లేదని చిన్నప్పటి నుంచి వింటున్నాను. అది లేకపోతే ఆ కేంద్రం భూమి చుట్టూ ఎందుకు తిరుగుతోంది? అంతకంటే ఎంతో దూరంలో ఉన్న చంద్రుణ్ణి భూమి ఆకర్షణే పట్టి ఉంచుతోందని అంటారు కదా?

రెండోది, 0.999... అని తొమ్మిదులు అంతులేకుండా రాస్తే అది 1కి సమానమట. దగ్గరగా వస్తుందంటే ఒప్పుకుంటాను. సమానమంటే మాత్రం ఒప్పుకోలేకపోతున్నాను.

మూడోది, బరువైన పెట్టెను తలపై పెట్టుకుని సమతలంగా ఉన్న దారిలో అరగంట నడిచినా, పెట్టెపై చేసిన పని సున్నా అంటారు. చెమటలు కక్కుతున్న మనిషి పని చేయలేదని ఎలా అనగలం?

భౌతికశాస్త్రం మాస్టారు:
చూడమ్మా, నీ మొదటి అనుమానం సరైనదే. అక్కడ గురుత్వాకర్షణ లేదన్న మాట తప్పు. నమ్మకం కుదరాలంటే లెక్క వేసి చూద్దాం. అంతరిక్ష కేంద్రం దాదాపు 400 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతుంది. భూమి వ్యాసార్ధం సుమారు 6,370 కిలోమీటర్లు. అంటే భూకేంద్రం నుంచి దాని దూరం 6,770 కిలోమీటర్లు. ఆకర్షణ ఈ దూరపు వర్గానికి విలోమానుపాతంలో ఉంటుంది. 6,370ని 6,770తో భాగించి వర్గం చేస్తే సుమారు 0.885 వస్తుంది. పడే వస్తువు వేగం సెకను సెకనుకూ ఎన్ని మీటర్లు పెరుగుతుందో చెప్పే గురుత్వ త్వరణం నేల మీద 9.8 ఉంటే, అక్కడ 8.7 దాకా ఉంటుంది. తగ్గింది పదో వంతు కంటే కొంచెం ఎక్కువ, అంతే.

మరి తేలడం ఎందుకు? వాళ్లు తేలడం లేదు, పడుతున్నారు. కేంద్రమూ పడుతోంది, లోపలి మనుషులూ, కలమూ, నీటి బొట్టూ అన్నీ ఒకే త్వరణంతో పడుతున్నాయి. మనకు బరువు తెలిసేది భూమి లాగడం వల్ల కాదు, నేల మన పాదాలను పైకి నెట్టడం వల్ల. పాదంతో పాటు నేల కూడా పడిపోతుంటే అది నెట్టేదేముంది?

పడుతుంటే భూమిని ఎందుకు తాకదని నీకు వెంటనే తోచే ఉంటుంది. కేంద్రం సెకనుకు సుమారు 7.67 కిలోమీటర్ల వేగంతో అడ్డంగా పోతోంది. అది తిన్నగా సరళరేఖలో పోతే, ఒక సెకను తర్వాత భూకేంద్రం నుంచి ఎంత దూరంలో ఉంటుందో పైథాగరస్ సిద్ధాంతంతో చూడు. 6,770 వర్గానికి 7.67 వర్గం కలిపి వర్గమూలం తీస్తే, 6,770 కిలోమీటర్ల మీద సుమారు 4.3 మీటర్లు ఎక్కువ వస్తుంది. ఇప్పుడు ఒక సెకనులో అది ఎంత పడుతుందో లెక్కించు. మొదటి సెకనులో పడే దూరం త్వరణంలో సగం కాబట్టి 8.7లో సగం, మళ్లీ ఆ 4.3 మీటర్లే. అడ్డంగా పోవడం వల్ల ఎంత దూరం జరుగుతోందో, పడడం వల్ల అంతే దగ్గరికి వస్తోంది. కక్ష్య అంటే ఇదే. ఈ రెండు లెక్కలూ నీ చేత్తో వేసి చూడు. అవి ఒకచోట కలిసినప్పుడు కలిగే సంతోషం నా మాటల్లో రాదు.

ఇంట్లో చేసి చూడడానికి ఒక ప్రయోగం. ప్లాస్టిక్ సీసా అడుగు భాగంలో పక్కన చిన్న రంధ్రం చేయి. నీళ్లు నింపి, మూత పెట్టకుండా పట్టుకో. ధార కారుతుంది. ఇప్పుడు సీసాను కాస్త ఎత్తు నుంచి వదిలేసి, పడుతున్నంతసేపు ఆ ధారను గమనించు. ఏం కనిపించిందో ఇక్కడ రాయి.

గణితం టీచరు:
రెండో ప్రశ్న నేను తీసుకుంటాను. చాలామంది 1/3 = 0.333... అని రాసి, రెండు వైపులా మూడుతో గుణించి చూపిస్తారు. నాకు ఆ పద్ధతి అంతగా నచ్చదు. 0.999... మీద అనుమానం ఉన్నవాళ్లకు 0.333... మీద కూడా ఉండాలి కదా.

నీ చిక్కు ఎక్కడుందో ఊహించగలను. తొమ్మిదులు ఒక్కొక్కటిగా వచ్చి చేరుతున్నట్టు, ఆ సంఖ్య 1 వైపు నడుస్తున్నట్టు అనుకుంటున్నావు. నడిచేవి 0.9, 0.99, 0.999 అనే అంచెలు. వాటిలో ఏదీ 1 కాదు, అక్కడ నీ మాట నిజమే. కానీ 0.999... అని మూడు చుక్కలు పెట్టి రాసేది ఆ అంచెల్లో ఒకదాన్ని కాదు, అవన్నీ ఏ సంఖ్యకు చేరువవుతున్నాయో దాన్ని. దాన్నే అవధి అంటాం. అది కదలదు.

ఆ సంఖ్యకూ 1కీ తేడా ఉందనుకుందాం. ఎంతో చెప్పు. కోటిలో ఒక వంతు అంటావా? ఎనిమిది తొమ్మిదులు రాసేసరికే 1కి మిగిలిన దూరం పది కోట్లలో ఒక వంతు, నువ్వు చెప్పినదానికంటే తక్కువ. ఇంకా చిన్న సంఖ్య చెప్పినా మరికొన్ని తొమ్మిదులతో దాన్నీ దాటేస్తాం. ఏ ధన సంఖ్యా నిలబడదు కాబట్టి తేడా సున్నా. 1/2, 2/4 ఒకే సంఖ్యకు రెండు రాతలైనట్టే ఇవీ రెండు రాతలు.

విద్యార్థిని:
టీచర్, చివర 0.000...1 అంత చిన్న తేడా మిగలదా?

గణితం టీచరు:
ఆ 1 ఎన్నో స్థానంలో ఉందో చెప్పమ్మా. దశాంశ బిందువు తర్వాత ప్రతి అంకెకూ ఒక స్థానం ఉంటుంది. నూరో స్థానంలో ఉందంటే దాని ముందు సున్నాలు తొంభై తొమ్మిదే. అంతులేని సున్నాల తర్వాత అంటే, అంతులేనిదానికి తర్వాత అనే చోటే లేదు.

విద్యార్థిని:
ఎన్నో స్థానమని అడగగానే నా దగ్గర జవాబు లేకపోయింది. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

భౌతికశాస్త్రం మాస్టారు:
మూడో ప్రశ్న ఇక కష్టం కాదు. మనిషి అలసట నిజం, అతను ఖర్చు చేసిన శక్తీ నిజం. భౌతికశాస్త్రం అడిగేది వేరు: ఆ శక్తి పెట్టెకు చేరిందా? తలకెత్తుకున్నప్పుడు చేరింది, అక్కడ పని జరిగింది. నడక మొదలుపెట్టేటప్పుడు వేగం ఇవ్వడానికి కొంచెం చేరింది. ఆ తర్వాత సమవేగంతో సాగినంతసేపు బలం నిలువుగా, కదలిక అడ్డంగా. పెట్టె ఎత్తు పెరగలేదు, వేగం పెరగలేదు. కండరం మాత్రం బిగువు నిలుపుకోవడానికి లోపల సన్నని తంతువులను పదేపదే లాగుతూ వదులుతూ ఉంటుంది. ఆ శక్తి వేడిగా మారి చెమట పట్టిస్తుంది. అదే పెట్టెను బల్ల రోజంతా మోసినా దానికి ఏ ఖర్చూ లేదు.

విద్యార్థిని:
మాస్టారూ, సీసా ప్రయోగం చేశాను. మేడ మీద నుంచి నేను వదిలాను, కింద అన్నయ్య ఫోనుతో వీడియో తీశాడు. చేతిలో ఉన్నంతసేపు కారిన ధార వదలగానే ఆగిపోయింది! రంధ్రం తెరిచే ఉంది, నీళ్లు నిండుగా ఉన్నాయి, అయినా చుక్క రాలేదు. తర్వాత ఊరికే పైకి విసిరి చూశాను. పైకి వెళ్తున్నప్పుడు కూడా ధార ఆగిపోయింది. అప్పుడది పడడం లేదు కదా, పైకి లేస్తోంది కదా?

భౌతికశాస్త్రం మాస్టారు:
నేను అడగని ప్రయోగం నువ్వే చేశావు, చాలా సంతోషం. చేయి విడిచిన క్షణం నుంచి సీసాను పైకి నెట్టేది ఏదీ లేదు. పైకి వెళ్తున్నా దాని వేగం సెకను సెకనుకూ 9.8 మీటర్ల చొప్పున తరుగుతూనే ఉంది, లోపలి నీటి వేగమూ సరిగ్గా అలాగే తరుగుతోంది. సీసా అడుగు నీటిని నెట్టడం లేదు, నీరు అడుగును నొక్కడం లేదు. ఇక బయటికి తోసేది ఏది?

శిఖరం దగ్గర వేగం సున్నా అయిన క్షణంలోనూ త్వరణం 9.8గానే ఉంటుంది. అక్కడ రెండూ సున్నా అయితే సీసా ఇక కిందికి రాదు, గాలిలోనే నిలిచిపోతుంది. వీడియో మళ్లీ ఒకసారి నెమ్మదిగా నడిపి, సరిగ్గా ఆ క్షణంలో రంధ్రం దగ్గర చూడు.

విద్యార్థిని:
చూశాను మాస్టారూ. అక్కడా చుక్క లేదు.