బర్డ్ ఆఫ్ పారడైజ్ ఆకులే వేస్తోంది, పూయాలంటే ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. మాది హైదరాబాద్, మేడ మీద కుండీల్లో మొక్కలు పెంచుతాం. బర్డ్ ఆఫ్ పారడైజ్ నర్సరీ నుంచి తెచ్చి నాలుగేళ్లు కావస్తోంది. నడుమెత్తు పెరిగింది, పక్కన పిలకలు వచ్చాయి, ఆకులు నిగనిగలాడుతున్నాయి. పువ్వు మాత్రం లేదు. (హెలికోనియా కాదండీ, దాన్ని కూడా ఈ పేరుతోనే అమ్ముతుంటారు. మాది నారింజ, నీలం రంగుల్లో పూసే స్ట్రెలిట్జియా రెజినే.)

ఉదయం పదకొండు దాకా నేరుగా ఎండ, ఆ తర్వాత వాటర్ ట్యాంక్ నీడ. నెలకోసారి వర్మీకంపోస్ట్, అప్పుడప్పుడు వేరుశనగ చెక్క నానబెట్టిన నీళ్లు. నత్రజని ఎక్కువైతే ఆకులే వస్తాయంటారు కదా, చెక్క మానేసి పొటాష్ ఇవ్వాలా?

అసలు టెన్షన్ కుండీతో. వేర్లు అడుగు రంధ్రాల్లోంచి బయటికొచ్చేశాయి. వేర్లు ఇరుకుగా ఉంటేనే బాగా పూస్తుందని, పిలకలు విడదీస్తే మళ్లీ ఒకట్రెండేళ్లు ఆగాల్సి వస్తుందని చదివాను. మా ఆవిడేమో కుండీ పగిలేలా ఉంది, మార్చమంటోంది. మార్చాలా, అలాగే వదిలేయాలా? ఇంకొకటి, ఏప్రిల్, మే నెలల్లో రోజంతా ఎండలో పెడితే ఆకులు మాడిపోవా? మన వాతావరణంలో కుండీలో పూయించినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, ప్లీజ్.