సూది మాని పొగకు మారితే హెచ్ఐవీ భయం పోయినట్టేనా?

అరండల్‌పేట 4/7:
హెరాయిన్ మానలేనివాళ్లకు "కనీసం సూది వద్దు, పొగతో సరిపెట్టుకో" అని చెప్పాలంటున్నారు కొందరు. నా లెక్కలో అది మత్తుకు లైసెన్సు ఇచ్చినట్టే. కొత్త సూదులు పంచడం ఇంకా అన్యాయం. మీరేమంటారు?

ల్యాబ్ కిటికీ:
మత్తు సంగతి వేరు, వైరస్ సంగతి వేరండీ. హెచ్ఐవీ హెరాయిన్‌లో ఉండదు, పక్కవాడి రక్తంలో ఉంటుంది. నరం దొరికిందో లేదో చూసుకోడానికి ప్లంజర్ కాస్త వెనక్కి లాగుతారు కదా, అప్పుడే సిరంజిలోకి రక్తం వస్తుంది. తర్వాత ప్లంజర్ అడుగుదాకా నొక్కినా, సూది విడిగా తగిలించే రకం సిరంజిలో మెడ దగ్గర సుమారు 84 మైక్రోలీటర్లు ఉండిపోతుంది. సూది అతికే వచ్చే ఇన్సులిన్ సిరంజిలో మిగిలేది 2 మైక్రోలీటర్లే. ఆ సిరంజి అందుకున్న రెండోవాడి నరంలోకి వెళ్లేది ఈ మిగులే. పొగలో ఈ దారి లేదు.

కృష్ణలంక గట్టు:
దారి ఒకటి మూశారు, సరే. మన జిల్లాల్లో హెచ్ఐవీ ఎక్కువగా పాకింది శృంగారం ద్వారానే. ఫాయిల్ (హెరాయిన్‌ను వేడిచేసి పొగ పీల్చడానికి వాడే రేకు) పట్టుకున్నవాడు కండోమ్ మర్చిపోతే ఏం లాభం? పైగా సరుకు ఖరీదైనప్పుడు "పొగలో సగం గాలికి పోతోంది" అంటూ మళ్లీ సూదికే వెళ్తారు. పొగ పీల్చేవాళ్లకు ఊపిరితిత్తుల జబ్బులు ఉండనే ఉన్నాయి. కాబట్టి "సేఫ్" అనే మాట మాత్రం వాడకండి.

అరండల్‌పేట 4/7:
ఎవరి సూది వాళ్లు వాడుకుంటే చాలదా? లేదంటే కడుక్కుంటే?

ల్యాబ్ కిటికీ:
సూది ఎవరిది వాళ్లదే అయినా హెరాయిన్ కరిగించే చెంచా ఒకటే, వడపోసే దూది ఒకటే, కడిగే నీళ్ల గ్లాసు ఒకటే. ఒక సిరంజిలో కొలిచి, ఇంకోదానిలోకి వెనకనుంచి సగం పోయడమూ ఉంది. చూసేవాళ్లకు అది పంచుకున్నట్టే అనిపించదు.

కడగడం అంటారా, నీళ్లతో తిప్పితే చాలదు. రక్తం రంగు పోయేదాకా మంచినీళ్లతో కడగాలి, తర్వాత నీళ్లు కలపని బ్లీచ్ నింపి 30 సెకన్లు ఊపాలి, మళ్లీ కొత్త నీళ్లతో కడగాలి. గడ్డకట్టిన రక్తం ఉంటే బ్లీచ్ లోపలికి దిగదు. విత్‌డ్రాయల్‌తో (మత్తు అందక ఒళ్లు పడే బాధతో) చెయ్యి వణుకుతున్నవాడు 30 దాకా లెక్కపెడతాడా? అందుకే ఇది ఏ గతీ లేనప్పటి పని, కొత్త సూదికి బదులు కాదు. బెజవాడ ఎండకు వైరస్ చస్తుందన్న ధీమా కూడా వద్దు. వేడికి ఆయుష్షు తగ్గే మాట నిజమే గానీ, చల్లటిచోట సిరంజిలో 42 రోజుల దాకా బతికిన దాఖలా ఉంది.

గవర్నర్‌పేట లా పాయింట్:
సూదులు దొరక్కుండా చేస్తే వాడకం ఆగుతుందనుకుంటే స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరో చూడండి. 1980ల్లో అక్కడ సిరంజిల అమ్మకం బిగించారు. 1986లో ఒక క్లినిక్ హెరాయిన్ వాడేవాళ్లను పరీక్షిస్తే సగంమందికి హెచ్ఐవీ తేలింది.

చట్టం సంగతికొస్తే, మత్తుమందుల చట్టం ఎన్‌డీపీఎస్ సెక్షన్ 27 కింద వాడకమూ నేరమే. కానీ తనంతట తాను చికిత్సకు వచ్చినవాడికి 64ఏ రక్షణ ఉంది. 2017 హెచ్ఐవీ చట్టం సెక్షన్ 22 ప్రకారం, హెచ్ఐవీ ముప్పు తగ్గించడానికి సూదులివ్వడం నేరం కాదు. ఇక సూదా పొగా అని కొట్టుకునే ముందు ఓఎస్టీ (హెరాయిన్‌కు బదులు డాక్టర్ల పర్యవేక్షణలో మందు ఇచ్చే చికిత్స) గురించి మాట్లాడరేం? సిబ్బంది ఎదుటే బుప్రెనార్ఫిన్ మాత్ర నాలుక కింద పెట్టుకుని కరిగేదాకా కూర్చోవాలి. మింగేస్తే పెద్దగా పనిచేయదు. హెరాయిన్ ఇంకా ఒంట్లో ఉండగా మొదటి మాత్ర వేస్తే విత్‌డ్రాయల్ ఒక్కసారిగా విరుచుకుపడుతుంది, "మందు పడలేదు" అని చాలామంది అక్కడే మానేస్తారు.

కృష్ణలంక గట్టు:
ఇంకోటి. వేరేవాళ్ల సూది గుచ్చుకున్నాక 72 గంటల్లోపు పెప్ మందులు (హెచ్ఐవీ సోకకుండా వాడేవి) మొదలుపెట్టాలి, 28 రోజులు వాడాలి. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చేయొచ్చు.

అరండల్‌పేట 4/7:
ఓఎస్టీకి నేను అడ్డు చెప్పను. సూదుల పంపకం మీద నా అనుమానం మాత్రం పోలేదు. వాడినవి కాలువ గట్టున పడేస్తే ఆడుకునే పిల్లల సంగతేంటి?

ల్యాబ్ కిటికీ:
ఆ అనుమానం న్యాయమైనదే సార్. అందుకే ఎన్ని ఇచ్చారో రాసుకోవడం, వాడినవి వెనక్కి తీసుకోవడం కూడా అదే పనిలో భాగం. గుచ్చుకోని గట్టి డబ్బా పెట్టాలి, సూదికి మళ్లీ క్యాప్ తొడగకూడదు, డబ్బా ముప్పావు నిండగానే మూత బిగించాలి.